వరసకి మావయ్య

"ఆ ఫొటో ఎందుకు తీస్తున్నావమ్మా?"

విజయకుమారి వెనక్కి తిరగలేదు. ప్లాస్టిక్ స్టూలెక్కి, మునివేళ్ళ మీద నిలబడి, హాల్లో గోడకున్న పెద్ద ఫొటోని మేకు నుంచి తప్పించడానికి తంటాలు పడుతోంది. స్టూలుకి ఒక కాలు కుంటి. ఏ క్షణాన ఎటు ఒరుగుతుందోనని తనూజ వెళ్ళి పట్టుకుంది.

"దుమ్ము పట్టింది" అంది విజయకుమారి.

"నిన్ననేగా తుడిచావు. ఎంక్వయిరీకి పోలీసాయన వస్తున్నాడని ఇల్లంతా కడిగించావు."

"మళ్ళీ పట్టింది."

బందరులో సముద్రపు గాలికి దుమ్ము పట్టడం వింతేమీ కాదు. ఇంట్లో ఇన్ని ఫొటోలుండగా ఆ ఒక్కదానికే పట్టడమేమిటో తనూజకి అర్థం కాలేదు. పైగా తుడవడానికి తల్లి చేతిలో గుడ్డ కూడా లేదు.

అది అక్క హర్షిణి పెళ్ళి ఫొటో. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మంటపంలోకి మోసుకొస్తున్నారు. మోస్తున్నది శోభనాద్రి మావయ్య. మెడ నరాలు తేలాయి, చొక్కా చెమటకి తడిసింది, నవ్వు మాత్రం చెవులదాకా ఉంది. వెనకాల విజయకుమారి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

ఆ శోభనాద్రి ఇప్పుడు బందరు జైల్లో రిమాండు ఖైదీ. నాగాయలంక అవతల రొయ్యల చెరువు గట్టు మీద జరిగిన కొట్లాటలో, ఆయన చేతిలోని పడవ గెడ తగిలిన మనిషి ఆసుపత్రిలో చనిపోయాడు. ఆయన కొట్టాడో, కొట్టబోయినవాడికి గెడ అడ్డం పెట్టాడో కోర్టు ఇంకా తేల్చలేదు.

తనూజ ఏమో జైలు వార్డరుగా సెలెక్టయింది. పరీక్ష పాసయింది, పరుగు పందెంలో నెగ్గింది, డాక్టర్లు సరేనన్నారు. ఇక మిగిలింది పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే. ఆ రిపోర్టు పైకి వెళ్తే ట్రైనింగ్‌కి పిలుపు వస్తుంది.

నిన్న సాయంత్రం స్పెషల్ బ్రాంచి హెడ్ కానిస్టేబుల్ సత్యనారాయణమూర్తి గారు వచ్చి, హాల్లో కూర్చుని మజ్జిగ తాగి, "చల్లగా బావుంది చెల్లెమ్మా" అని విజయకుమారిని మెచ్చుకుని వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ పక్కింటి గేటు దగ్గర ఆగి చిట్టెమ్మని ఆరా తీశాడు. పిల్ల ఎలాంటిది, ఇంటికి ఎవరెవరు వస్తుంటారు అని. పిల్ల బంగారమంది చిట్టెమ్మ. అక్కడితో ఆపినా బాగుండేది. "వాళ్ళ మావయ్యే పాపం జైల్లో ఉన్నాడు" అని కూడా అంది. ఆ 'పాపం' అన్న మాట ఎంతో ప్రేమగా అంది.

మూర్తిగారు స్కూటర్ స్టాండు మళ్ళీ వేసి వెనక్కి వచ్చాడు. "ఎల్లుండి వచ్చి మీ మాట ఒకటి తీసుకుంటాను చెల్లెమ్మా" అని గేటు బయటి నుంచే చెప్పి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ఇంట్లో ఎవరి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు.

"అమ్మా, ఒకటడుగుతాను, నిజం చెప్పు. ఆయన మనకి ఏమవుతాడు?"

ఫొటో మేకు నుంచి ఊడి వచ్చింది. విజయకుమారి దాన్ని గుండెలకి ఆనించుకుని స్టూలు దిగింది.

"ఏమవుతాడేంటి, ఏమీ కాడు. మీ తాతయ్య దగ్గర చెరువుల పని చూసేవాడు. చిన్నప్పట్నుంచీ మా ఇంట్లో మసిలాడు. నేను అన్నయ్యా అన్నాను, మీరు మావయ్యా అన్నారు. అంతే."

"ఏమీ కానివాడి ఫొటో దాచడం దేనికి?"

"దాచడం లేదంటున్నానా" అని కసిరి, ఫొటోతో సహా పడగ్గదిలోకి వెళ్ళిపోయింది.

కాంతారావు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. రొయ్యల మేత కొట్టు నడిపే మనిషి. కొట్లో గడగడా మాట్లాడతాడు, ఇంట్లో మాటకి మొహం వాచిపోవాలి.

"నాన్నా, నువ్వైనా చెప్పు."

"మీ అమ్మ చెప్పిందిగా."

"అదే నిజమా?"

ఆయన ఇడ్లీని చట్నీలో అటూ ఇటూ తిప్పాడు.

*

చిట్టెమ్మ వచ్చేసరికి విజయకుమారి వంటింట్లో గిన్నెల మీద కోపం తీర్చుకుంటోంది.

"వదినా, నేను చెడ్డ ఉద్దేశంతో అన్లేదు. ఒట్టు" అంది చిట్టెమ్మ, గుమ్మం పట్టుకుని.

"నువ్వేం అన్లేదులే. మా కర్మ."

"మీ పిల్లలు మావయ్యా మావయ్యా అంటుంటే నేనూ అలాగే అన్నాను. ఆ పోలీసాయన్ని కూడా నేను బాబాయి గారూ అన్నాను. అలాగని మా నాన్నకి తమ్ముడైపోతాడా? మీ ఆయన్ని అన్నయ్యగారంటాను. నిన్ను వదినంటాను. మా ఆయనా మీ ఆయన్ని అన్నయ్యగారనే అంటాడు. ఈ లెక్కన చూస్తే నేనూ మా ఆయనా ఏమవుతామో నాకే తెలీదు."

తనూజకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటు కొండంత ధైర్యం వచ్చింది. నిజమే కదా. ఈ వీధిలో వరసలన్నీ నిజమైతే పెళ్ళాడ్డానికి ఎవరికీ ఎవరూ మిగలరు. ఈ ముక్క మూర్తిగారికి విడమరిచి చెబితే చాలు. ఆయనా ఈ జిల్లావాడే, అర్థం చేసుకోడా?

"నేను వెళ్ళి ఆయన్ని కలిసి వస్తాను" అంది.

విజయకుమారి చేతిలో మూత జారి పడింది.

"వద్దు. ఆయనే వస్తానన్నాడుగా."

"వచ్చేలోపల ఇంకెవరెవర్ని అడుగుతాడో. చుట్టం కాదని చెప్పడానికి భయమెందుకమ్మా?"

తల్లి తండ్రి వైపు చూసింది. కాంతారావు చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటున్నాడు.

"వెళ్తే వెళ్ళు" అన్నాడు చివరికి. "నీకు తెలిసింది చెప్పు. తెలియంది మాత్రం చెప్పకు."

తెలియంది ఎవరైనా ఎలా చెబుతారు? నాన్న మాట్లాడక మాట్లాడక ఒక మాట మాట్లాడితే అదీ ఇలాగే ఉంటుందని విసుక్కుంటూ తనూజ స్కూటీ తీసింది.

కోనేరు సెంటరు దాటాక ఫోన్ మోగింది. గుడివాడ నుంచి హర్షిణి.

"ఏమే, అమ్మకేమైంది? పొద్దున్నే ఫోన్ చేసి నా డీపీ మార్చమంది. బుట్ట ఫొటో తీసెయ్యమంది. ఎవరికీ పంపొద్దంది."

"వెరిఫికేషన్ గొడవలే అక్కా. నేను వెళ్ళి సర్దేస్తాను."

హర్షిణి గొంతు తగ్గించింది. పక్కన అత్తగారున్నట్టుంది. "నీకో సంగతి చెప్పనా? పెళ్ళిలో మా అత్తగారు అడిగారు, బుట్ట మోసినాయన సొంత మేనమామేనా అని. అమ్మ ఏమందో తెలుసా? అంతకన్నా ఎక్కువండీ అంది. నేనప్పుడు మామూలుగా విన్నాను. ఇందాక డీపీ మారుస్తుంటే గుర్తొచ్చింది."

"ఎక్కువంటే?"

"నాకేం తెలుసే. అందుకేగా నిన్నడుగుతున్నాను."

*

స్పెషల్ బ్రాంచి ఆఫీసులో మూర్తిగారు బుగ్గన లవంగం పెట్టుకుని ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి. అరవడం, కసరడం ఎప్పుడో మానేసినట్టున్నాడు.

"నా సర్వీసులో సగం ఈ వరసలు విప్పడానికే సరిపోయిందమ్మా" అన్నాడు నవ్వుతూ. "ఒకసారి కృత్తివెన్ను వైపు ఒకాయన గురించి వాకబు చేస్తే ఊరంతా ఆయన్ని బాబాయే అన్నారు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాస్తే ఊరు ఊరంతా ఒకటే కుటుంబమైంది. మా ఇన్‌స్పెక్టరు గారు చీవాట్లు పెట్టారు."

"ఇదీ అంతేనండీ. ఆయన మాకు వరసకి మావయ్య."

"వరసకంటే? ఏ వరస?"

"ఏ వరసా లేదండీ. పిలుపు వరస."

మూర్తిగారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఎందుకింత గుచ్చి గుచ్చి అడుగుతున్నానో చెబుతాను విను తల్లీ. ఇది తాళాలు చేతికిచ్చే ఉద్యోగం. లోపలున్నవాడు మనవాడైతే ఒక సెల్ ఫోన్ లోపలికి వెళ్తుంది, ఒక కబురు బయటికొస్తుంది. అందుకని చూస్తారు. అంతమాత్రాన చుట్టం లోపలున్నాడని ఉద్యోగం ఇవ్వకపోవడం ఏమీ లేదు. ఆయనున్న జైల్లో నిన్ను వెయ్యరు, అంతే. ఉన్న చుట్టరికం లేదన్నావని తేలితే మాత్రం ట్రైనింగ్‌లో ఉన్నా ఇంటికి పంపేస్తారు. మళ్ళీ ఏ సర్కారు ఉద్యోగానికీ ఆ మచ్చ పోదు."

"దాచడానికి ఏమీ లేదండీ."

"నిన్న మజ్జిగ తాగుతూ మీ గోడ మీద ఫొటో చూశాను. బుట్ట మోస్తున్నది ఆయనే కదూ?"

తనూజ గుండె గుభేలుమంది. ఎందుకో తెలియదు. తప్పు చేసినవాళ్ళకి కదా అలా అవ్వాలి.

"అవునండీ. మా అమ్మకి అన్నదమ్ముల్లేరు. మేనమామ మొయ్యాలి కాబట్టి ఆయన్ని అడిగాం."

"బయటివాళ్ళని అడగరే సామాన్యంగా. పెద్దనాన్న కొడుకో, పిన్ని కొడుకో ఎవరో ఒకరుంటారు."

"ఆయన మమ్మల్ని ఎత్తుకుని పెంచాడండీ. అందుకని."

ఆ మాట మాత్రం గొంతులోంచి కాక ఇంకెక్కడి నుంచో వచ్చింది. పరుగు ప్రాక్టీసుకి ఆమె తెల్లారగట్ల మంగినపూడి రోడ్డు మీద పరుగెడుతుంటే, శోభనాద్రి మోపెడ్ మీద పక్కనే వస్తూ ఈల వేసేవాడు. "నీకు ఖాకీ వచ్చిన రోజు మొదటి సెల్యూట్ నాదే" అనేవాడు. ఆయన్ని అరెస్టు చేశారని తెలిసిన రోజు ఆమె పరుగు మానేసింది. అమ్మే తిట్టి మళ్ళీ పంపింది.

"సరే. ఆ ముక్కే నీ చేత్తో రాసివ్వు" అన్నాడు మూర్తిగారు.

రాసింది. శోభనాద్రి అనే వ్యక్తి తమకు ఏ విధమైన బంధువూ కాడని, గౌరవం కొద్దీ మావయ్య అని పిలుస్తామని. రాసి సంతకం చేసింది. ఉన్నమాటే రాసింది. మరి తిరిగి వచ్చేటప్పుడు జైలు గోడ పక్కగా రాలేక, చుట్టూ తిరిగి వేరే వీధిలోంచి ఎందుకు వచ్చిందో ఆమెకే తెలియలేదు.

*

మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నారు. పప్పు వడ్డిస్తూ విజయకుమారే అడిగింది.

"ఏం చెప్పావు?"

"రాసిచ్చాను. ఆయన మనకి ఏ విధమైన బంధువూ కాడని."

గరిటె పళ్ళెం దాకా రాకుండానే ఆగిపోయింది. పప్పు బొట్లు బొట్లుగా టేబుల్ మీద పడుతోంది. కాంతారావు లేచి ఆవిడ చేతిలోంచి గరిటె తీసుకుని గిన్నెలో పెట్టాడు.

"ఇంక చెప్పెయ్ విజయా" అన్నాడు.

"నావల్ల కాదు. మీరు చెప్పండి."

"అది నేను చెప్పాల్సింది కాదు."

తనూజ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏం చెప్పాలి? ఎవరో ఒకరు చెప్పండి."

విజయకుమారి కుర్చీలో కూలబడింది. టేబుల్ మీద పడ్డ పప్పుని చూపుడు వేలితో ఒక పక్కకి తోస్తూ కూర్చుంది.

"ఆయన మా నాన్న కొడుకు" అంది.

తనూజకి ఆ మాట చెవికెక్కింది గానీ బుర్రకెక్కలేదు.

"ఎవరి నాన్న? సూరయ్య తాతయ్యా? తాతయ్యకి నువ్వొక్కదానివేగా."

"మా అమ్మకి నేనొక్కదాన్ని."

విజయకుమారి వేలికంటిన పప్పుని పమిట చెంగుకి తుడుచుకుంది.

"ఎదురుమొండిలో ఇంకో ఆవిడ ఉండేది. మా అమ్మ కాపురానికి రాకముందు నుంచీ. ఆవిడ పోయాక నాన్న ఆ పిల్లాణ్ణి తీసుకొచ్చి చెరువుల మీద పెట్టాడు. అమ్మకి తెలుసు. ఊళ్ళో పెద్దవాళ్ళకి తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు. అన్నయ్యా అని పిలువు, అందరూ మామూలు పిలుపే అనుకుంటారు అని అమ్మే నేర్పింది నాకు. ఆ సంగతి మాత్రం ఈ గడప దాటకూడదని నా చేత ఒట్టేయించుకుంది."

"నాన్నకి తెలుసా?"

"పెళ్ళికి ముందే చెప్పింది" అన్నాడు కాంతారావు.

"తాతయ్య పోయినప్పుడు తలకొరివి మీ నాన్న పెట్టారు" అంది విజయకుమారి. "పెట్టాల్సినవాడు కట్టెలు మోసి, పాలేళ్ళ మధ్య నిలబడ్డాడు. అందరూ వెళ్ళిపోయాక ఒక్కడే రేవులో మునిగి వచ్చాడు. నేను చూశాను. అందుకే హర్షిణి పెళ్ళికి పట్టుబట్టి బుట్ట ఆయన చేత మోయించాను. ఆ ఒక్కటైనా నలుగురిలో ఇద్దామనుకున్నాను."

తనూజకి దుఃఖం, కోపం ఒకేసారి వచ్చాయి. ఏది ముందో తేల్చుకోలేక కంచం ముందుకి తోసేసింది.

"పొద్దున్న అడిగాను కదమ్మా. నిజం చెప్పమని అడిగాను."

"చెబితే నీచేత అబద్ధం ఆడించినదాన్నవుతానని చెప్పలేదే. నీకు తెలియకపోతే నువ్వు చెప్పేది నిజమే అవుతుందనుకున్నాను."

అది ఏ రకం నిజమో తనూజకి బోధపడలేదు. తెలియక రాసిన మాట అబద్ధమవుతుందా? కాదేమో. ఇందాక సంతకం పెట్టినప్పుడు తనది ఒట్టి పొరపాటే. మరి ఈ పప్పు గిన్నె ముందు కూర్చుని అంతా విన్నాక, ఇంకా నోరు మూసుకుంటే ఏమవుతుంది? చుట్టరికం ఒప్పుకుని ఉంటే వేరే ఊళ్ళో వేసేవారు, అంతే. ఆ మాట మూర్తిగారు తన ముందే చెప్పాడు. లేనిపోని భయంతో ఇంట్లోవాళ్ళు దాచినదాన్ని, తను వెళ్ళి స్వయంగా సంతకం పెట్టి మరీ దాచింది.

"ఆయన వచ్చేది రేపే. నిన్ను అడుగుతాడు" అంది.

"అడిగితే ఏం చెప్పను?"

"నాకేం తెలుసు?"

"నిజం చెబితే పిల్ల రాసింది అబద్ధమవుతుంది" అన్నాడు కాంతారావు నెమ్మదిగా.

"కాదని చెబితే..." అని విజయకుమారి ఆగిపోయింది. "కాగితం మీద కాదనడం నీకు చేతనైంది తల్లీ, నీకు తెలియదు కాబట్టి. నేను ఎలా అనను? బతికున్న తోడబుట్టినవాడికి నీళ్ళొదులుకోమంటావా?"

తనూజ తోసేసిన కంచాన్ని మళ్ళీ దగ్గరికి లాక్కుంది. వద్దు, నిజమే చెప్పు అనాలని ఉంది. నా ఉద్యోగం పోతుందమ్మా అనాలనీ ఉంది. రెండూ నాలిక చివరిదాకా వచ్చి ఒకదానికొకటి అడ్డం పడ్డాయి.

*

సాయంత్రం మొక్కలకి నీళ్ళు పోస్తుండగా గేటు ముందు స్కూటర్ ఆగింది. తనూజ చేతిలోని పైపు నీళ్ళు తన కాళ్ళ మీదే పోసుకుంది.

"ఏం తల్లీ, నాన్నగారున్నారా?" అంటూ మూర్తిగారు వరండాలోకి వచ్చి, చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చున్నాడు. మొహంలో వెలుగుంది.

కాంతారావు బనీను మీద చొక్కా వేసుకుంటూ బయటికొచ్చాడు.

"శుభవార్త చెబుదామని వచ్చానండీ. మధ్యాహ్నం మా ఇన్‌స్పెక్టరు గారు పెండింగులన్నీ ఇవాళే పంపెయ్యమన్నారు. అమ్మాయి అంత ధైర్యంగా వచ్చి రాసిచ్చాక ఇంక అనుమానం దేనికి? పంపేశాను. చెల్లెమ్మ మాట కోసం ఆగలేదు. అన్నీ సవ్యంగా ఉన్నాయని రాశాను."

కాంతారావు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. తనూజ ఎక్కడో దూరం నుంచి తన గొంతు తనే విన్నది.

"వెళ్ళిపోయిందా అండీ? వెనక్కి తీసుకోవడానికి..."

"వెనక్కెందుకమ్మా?"

లోపల తలుపు చప్పుడైంది. పడగ్గదిలోంచి విజయకుమారి వచ్చింది. ఆవిడ ఈ మాటలేవీ విన్నట్టు లేదు. మొహం కడుక్కుంది, బొట్టు పెట్టుకుంది. రెండు చేతులా పెళ్ళి ఫొటో పట్టుకుని ఉంది. రేపటి కోసం కూడగట్టుకున్న ధైర్యమంతా ఇప్పుడే ఖర్చు పెట్టేయాలనుకున్న మనిషిలా తిన్నగా హాల్లోకి నడిచింది. స్టూలెక్కి ఫొటో మేకుకి తగిలించింది. తగిలించాక వరండాలోకి వచ్చి మూర్తిగారి ఎదురుగా నిలబడింది.

"ఆయన మా అన్నయ్యండీ" అంది.

మూర్తిగారు ఒక్క క్షణం ఆవిణ్ణి చూశాడు. తర్వాత హాయిగా నవ్వాడు.

"నాకు తెలీదా చెల్లెమ్మా. అమ్మాయి చెప్పింది. నేను నిన్ను చెల్లెమ్మా అనడం లేదూ? అలాగే."

"అలాగ కాదండీ" అందామని విజయకుమారి పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఇన్నేళ్ళూ ఆ పిలుపు చాటున దాక్కున్న నిజం, తీరా బయటికొచ్చేసరికి దాన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. ఆవిడ మూర్తిగారి వైపు చూడటం మానేసి కూతురి వైపు చూసింది. ఉద్యోగం నీది, ఇంక నువ్వే చెప్పు అన్నట్టుంది ఆ చూపు.

మూర్తిగారు లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. మెట్టు దిగబోతూ తనూజ మొహం చూసి ఆగాడు.

"ఏదో అనబోయావు తల్లీ?"

తెరిచి ఉన్న తలుపులోంచి, గోడ మీద బుట్ట మోస్తూ శోభనాద్రి నవ్వుతూనే ఉన్నాడు.

"మూర్తిగారూ" అంది తనూజ. "మా అమ్మ చెప్పింది మీకు సరిగ్గా వినపడలేదండీ."